ఆ 212 నంబరే మీ కేసు

ప్రశ్న: ఐఎన్‌ఎస్ విక్రాంత్ ఉక్కుతో చేసిందంటే ఆన్‌లైన్‌లో ఒక పేపర్‌వెయిట్ కొన్నాను. 500 మాత్రమే చేశామని, నాది 212వదని సర్టిఫికెట్ ఇచ్చారు. మా ఆఫీసులో ఇంకొకాయన కొన్నదాని మీదా 212 అనే ఉంది! డబ్బు వెనక్కి ఇమ్మంటే జవాబివ్వని అమ్మకందారు, విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇత్తడి ముక్క కావాలా అని మెసేజ్ పెట్టాడు. యుద్ధనౌక ముక్క ఇంట్లో ఉంచుకోవడం నేరమా? కేసు వేయొచ్చా?

జవాబు: ముందు భయం వదిలేయండి, నేరం కాదు. పాత విక్రాంత్ 1997 జనవరి 31న సేవ నుంచి తప్పుకుంది. ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉంది. తుక్కు కింద అమ్మవద్దని వేసిన పిటిషన్ సుప్రీంకోర్టులో నిలవక, 2014లో ఓడను విడగొట్టడం మొదలుపెట్టారు. ఆ తుక్కు చట్టప్రకారమే బజారుకొచ్చింది. బజాజ్ కొంత కొని 2016లో వచ్చిన వి15 బైకుల్లో వాడింది కూడా. 1972 నాటి పురావస్తువుల చట్టం ఇలాంటి వస్తువులకు వందేళ్ల వయసు అడుగుతుంది. ఈ ఓడ నీళ్లలోకి దిగిందే 1945లో.

ఇక కేసు. 'ఇది విక్రాంత్ ఇనుము కాదు' అని మొదలుపెట్టకండి. నమూనాను ల్యాబుకు పంపే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. కానీ ల్యాబు ఏ రకం ఉక్కో చెబుతుంది, ఏ ఓడదో చెప్పలేదు. కరిగించి పోసిందైతే మరీ కష్టం. మీ బలమంతా ఆ 212లో ఉంది. ఇనుము అసలుదే అయినా ఒకే నంబరు రెండింటికి వేస్తే '500 మాత్రమే' అన్న మాట నమ్మేదెలా? 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఇదే. తుక్కు కొన్నవారి దగ్గర్నుంచి తనదాకా వచ్చిన బిల్లులు చూపించమని ఫిర్యాదులోనే అడగండి. ఆ కాగితాలు ఉంటే అతని దగ్గరే ఉండాలి.

అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ ఈరోజే తీయండి, రేపటికి ఉండకపోవచ్చు. రెండు పేపర్‌వెయిట్లూ పక్కపక్కన పెట్టి, నంబర్లు కనబడేలా ఫొటో తీయండి. మీ సహోద్యోగి చేత అఫిడవిట్ రాయించండి. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63(4) కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే తర్వాత పేచీ ఉండదు. మీ బిల్లు మీద 'గిఫ్ట్ ఐటమ్' అని మాత్రమే ఉంటే ఆ పేజీయే మీకు ప్రాణం.

ఏదైనా ప్లాట్‌ఫాంలో కొని ఉంటే దాని గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు వేయండి. రెండేళ్ల గడువుంది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. లాయరు కూడా అక్కర్లేదు, మా వృత్తికి నష్టమైనా చెబుతున్నాను. అయితే లాభానికి తిరిగి అమ్మాలని కొని ఉంటే మాత్రం మిమ్మల్ని వినియోగదారుగా చూడరు.

భారతీయ న్యాయ సంహిత (నేరాలకు శిక్షల చట్టం) సెక్షన్ 318 కింద మోసం కేసుకు మొదట్నుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి. మీ ఇద్దరితోనే పోలీసుల దగ్గరికి వెళ్లమనను. ఇంకో పదిమంది దగ్గర ఇదే నంబరు బయటపడితే అప్పుడు వేరే మాట.

ఘాజీ ముక్క జోలికి మాత్రం వెళ్లకండి. 1971 డిసెంబరులో 90 మందికి పైగా నావికులతో మునిగిన జలాంతర్గామి అది. మునిగిన యుద్ధనౌక దొరికినవాడి సొత్తు కాదు. మునిగిన ఓడల్లోంచి ఏది తీసినా ప్రభుత్వం నియమించిన అధికారికి తెలపాలి. దొంగసొత్తని తెలిసి కొంటే మీరూ ముద్దాయే. అతనికి జవాబివ్వకండి, ఆ మెసేజ్‌నూ చెరపకండి. ఫిర్యాదుకు అదీ జతచేయండి.