లండన్‌లో ఆఫ్టర్‌నూన్ టీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు, కాన్వొకేషన్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళు, సెలవులకు వెళ్ళే కొత్త జంటలు ఈసారి ఎక్కువగా లండన్ గురించే అడిగారు. హైదరాబాదు గురించి ఒకరు, ఇంట్లో చేసుకోవడం గురించి ఒకరు రాశారు. ఆఫ్టర్‌నూన్ టీ అంటే ఉత్త టీ కాదు: మూడంతస్తుల స్టాండు మీద శాండ్‌విచ్‌లు, స్కోన్లు (చిన్న గుండ్రటి మెత్తటి రొట్టెలు), పై పళ్ళెంలో మిఠాయిలు పెట్టి టీతో వడ్డిస్తారు.

ప్రశ్న: జూలైలో మా అబ్బాయి కాన్వొకేషన్‌కు లండన్ వెళ్తున్నాం. పెద్ద హోటల్లో ఆఫ్టర్‌నూన్ టీకి తీసుకెళ్తానంటున్నాడు. మేమిద్దరం గుడ్డు కూడా ముట్టం. ‘వెజిటేరియన్ మెనూ ఉందిలే, ఫర్వాలేదు’ అంటాడు. నిజంగా ఫర్వాలేదా? (రాజమహేంద్రవరం పాఠకురాలు)

ఆ ధీమాతో వెళ్తే బల్ల ముందు కూర్చున్నాక ఇబ్బంది పడతారు. బ్రిటన్‌లో వెజిటేరియన్ అంటే మాంసం, చేప లేనిది అని మాత్రమే. గుడ్డు అందులో భాగమే. మన దేశంలో గుడ్డు ఉన్న ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క వేయకూడదు. అక్కడ అలాంటి పట్టింపు లేదు.

గుడ్డు ఎక్కడెక్కడ ఉంటుందో తెలిస్తే సగం సమస్య తీరినట్టే. శాండ్‌విచ్‌లలో మేయనీస్‌లో ఉంటుంది, బ్రియోష్ బన్ను పిండిలోనే ఉంటుంది. స్కోన్‌లో వేయకుండా చేయొచ్చు గానీ చాలా వంటిళ్ళలో వేస్తారు, లేదంటే పైన మెరుపు కోసం పూస్తారు. పై పళ్ళెంలోని మిఠాయిలయితే దాదాపు అన్నీ గుడ్డుతోనే: కేకులు, మకరోన్లు, కస్టర్డ్, లెమన్ కర్డ్.

గుడ్డు తర్వాత చూసుకోవాల్సింది జెలటిన్. మూస్, పనకోటా అనే మెత్తటి క్రీమ్ మిఠాయిలు, అద్దంలా మెరిసే కేకు పూత గట్టిపడేది చాలాసార్లు దానితోనే. అది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసినది. పద్ధతైన వంటిల్లు వెజిటేరియన్ మెనూలో దాన్ని వాడదు గానీ, అడగడం మంచిది. బ్రిటన్ చట్టం ప్రకారం 14 అలర్జీ పదార్థాలు ఉన్నాయో లేవో హోటల్ చెప్పి తీరాలి. ఆ జాబితాలో గుడ్డు ఉంది, పాలు ఉన్నాయి, చేప ఉంది. పశువుల జెలటిన్ లేదు. కాబట్టి అలర్జీ కార్డు చూసి నిశ్చింత పడకండి, విడిగా అడగండి. పర్మేజాన్ చీజ్‌లో పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసే రెనెట్ ఉంటుంది. కొన్ని మిఠాయిల్లో రమ్ము, షాంపేన్ కలుపుతారు.

కనీసం వారం ముందు మీ అబ్బాయితో హోటల్‌కు ఈమెయిల్ రాయించండి. ‘నో ఎగ్, నో జెలటిన్, నో యానిమల్ రెనెట్, నో ఆల్కహాల్, పాలు, వెన్న, క్రీమ్ తింటాం’ అని ఇదే వరసలో రాయాలి. ఆ చివరి మాట వదిలేస్తే మీకు వీగన్ (పాలు, వెన్న కూడా లేని) మెనూ పెట్టేస్తారు. అందులో గుడ్డు ఉండదు, నిజమే. కానీ స్కోన్ మీద రాసుకునే చిక్కటి మీగడలాంటి క్లాటెడ్ క్రీమ్ కూడా ఉండదు, దాని బదులు మొక్కల నుంచి చేసిన క్రీమ్ వస్తుంది. అంత డబ్బు పోసి క్లాటెడ్ క్రీమ్ తినకుండా రావడం అన్యాయం. అందుకని ‘పై పళ్ళెం వీగన్ మిఠాయిలు, కింద గుడ్డు లేని స్కోన్, దానికి మామూలు క్లాటెడ్ క్రీమ్’ కుదురుతుందా అని సూటిగా అడగండి. మంచి వంటిల్లు ఏది కుదురుతుందో, ఏది కుదరదో ఒక్కొక్కటీ విప్పి జవాబిస్తుంది. ‘వచ్చాక మా వెయిటర్‌కు చెప్పండి’ అని ఒక్క ముక్కతో తేల్చేసే హోటల్‌ను, ఎంత పేరున్నా సరే, మీరు వదులుకోవడమే మేలు. మీలాంటివాళ్ళు పేరు చూసి కాదు, ఆ జవాబు చూసి బుక్ చేసుకోవాలి.

ప్రశ్న: రిట్జ్, క్లారిడ్జెస్, ఫోర్ట్‌నమ్స్ అని పేర్లు వింటున్నాం. వీటిలో తేడా ఏమిటి? నలుగురికి ఎంతవుతుంది? ఎన్నాళ్ళ ముందు బుక్ చేయాలి? (విశాఖపట్నం పాఠకుడు)

ముందు డబ్బు సంగతి. ఈ స్థాయి చోట్ల మనిషికి సుమారు 75 నుంచి 100 పౌండ్లు. మెనూలో రాసిన ధరలోనే వ్యాట్ కలిసి ఉంటుంది, కానీ సర్వీస్ చార్జి బిల్లులో వచ్చి చేరుతుంది. చాలాచోట్ల 12.5 శాతం, కొన్నిచోట్ల 15. మనిషికి 80 పౌండ్లనుకుంటే నలుగురికి 320, దాని మీద 12.5 శాతం 40, మొత్తం 360 పౌండ్లు. సర్వీస్ చార్జి ఇచ్చాక మళ్ళీ టిప్పు అక్కర్లేదు. బుకింగ్ పేజీలో షాంపేన్ కలిపిన ప్యాకేజీ ముందు కనిపిస్తుంది. కిందికి జరిగి మామూలుది ఎంచుకోండి.

రిట్జ్ (మొదలైంది 1906లో) అన్నిటికన్నా ఆడంబరం. పామ్ కోర్టు అనే హాలు, బంగారు పూతలు, అద్దాలు, సంగీతం. ఉదయం 11.30 నుంచి సాయంత్రం 7.30 దాకా విడతలుగా కూర్చోబెడతారు, ఒక్కో విడతకు రెండు గంటల లోపే సమయం. ఫొటోల కోసం, జీవితంలో ఒక్కసారి అనుకునేవాళ్ళకు ఇది సరి. తీరిగ్గా కబుర్లు చెప్పుకోవాలనుకుంటే మాత్రం తర్వాతి విడత తరుముతున్నట్టు అనిపిస్తుంది.

క్లారిడ్జెస్‌లో హడావుడి తక్కువ. లేత ఆకుపచ్చ, తెలుపు చారల కప్పులు దాని గుర్తు. వడ్డనలో నేర్పు చూడాలంటే మా ఓటు దీనికే.

పెద్దవాళ్ళు వెంట ఉంటే బ్రౌన్స్ (1837) నయం. చెక్క పలకల గోడలు, నిప్పుగూళ్ళు, చిన్న గది, మాట స్పష్టంగా వినబడే నిశ్శబ్దం. గ్రాహంబెల్ బ్రిటన్‌లో తొలి టెలిఫోన్ కాల్ చేసింది ఈ హోటల్ నుంచేనంటారు. ఆక్స్‌ఫర్డ్ సర్కస్ పక్కనున్న లాంగమ్ (1865) షాపింగ్‌కు వెళ్ళినవాళ్ళకు దగ్గర.

ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ హోటల్ కాదు, 1707 నుంచి పికడిల్లీలో ఉన్న దుకాణం. దాని నాలుగో అంతస్తులోని టీ సెలూన్‌ను 2012లో రెండో ఎలిజబెత్ రాణి ప్రారంభించారు. టీ రకాల జాబితా చాలా పెద్దది. తీపి బదులు కారపు, ఉప్పటి పదార్థాలతో వచ్చే సేవరీ టీ కూడా అక్కడ దొరుకుతుంది. షుగర్ ఉన్నవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. నచ్చిన టీ కింది అంతస్తులోనే కొనుక్కోవచ్చు.

రిట్జ్, బ్రౌన్స్, ఫోర్ట్‌నమ్స్ మూడింటికీ గ్రీన్ పార్క్ స్టేషన్‌లో దిగితే చాలు, క్లారిడ్జెస్‌కు బాండ్ స్ట్రీట్.

శని, ఆదివారాలకు, డిసెంబరుకు రెండు మూడు నెలల ముందే చూసుకోవాలి. మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం విడతలు రెండు మూడు వారాల ముందు కూడా దొరుకుతుంటాయి. కార్డు వివరాలు ముందే తీసుకుంటారు. 24 లేదా 48 గంటల ముందు రద్దు చేయకపోతే డబ్బు కోసేస్తారు, కొన్నిచోట్ల మొత్తం ముందే కట్టించుకుంటారు. విమానం దిగిన రోజున బుకింగ్ పెట్టుకోకండి.

ప్రశ్న: చీర కట్టుకుని వెళ్ళవచ్చా? మావారికి కోటు అలవాటు లేదు. (నెల్లూరు పాఠకురాలు)

చీర నిక్షేపంగా కట్టుకోండి. మావారికి అన్నారు కాబట్టి చెబుతున్నాం: రిట్జ్‌లో మగవాళ్ళకు కోటు తప్పదు, టై కూడా ఉంటే ఏ సందేహమూ ఉండదు, జీన్సు, ఆటల బూట్లు రానివ్వరు. బంద్‌గలా వేసుకోవాలనుకుంటే ఒక ఈమెయిల్‌తో ఖాయం చేసుకోండి. మిగతా చోట్ల ఇస్త్రీ చొక్కా, ప్యాంటు, తోలు బూట్లు చాలు.

ప్రశ్న: అక్కడి టీ చప్పగా, నీళ్ళలా ఉంటుందంటారు. మన టీ లాంటిది అడిగితే ఇస్తారా? (ఖమ్మం పాఠకుడు)

పాలు పోసి మరిగించిన టీ ఇవ్వరు. కానీ చప్పగా ఉండేది టీ తప్పు కాదు, ఎంపికలో పొరపాటు. మనం వాడే టీ పొడి సీటీసీ రకం, ఆకును నలిపి గుళికలు చేసింది. రెండు నిమిషాల్లో రంగూ, చిక్కదనమూ దిగుతాయి. అక్కడ ఇచ్చేది ఎక్కువగా ఆర్థొడాక్స్ ఆకు, అంటే గుళికలు చేయనిది. అది నెమ్మదిగా విచ్చుకుంటుంది. తెచ్చిన నిమిషానికే ఒంపి పాలు పోస్తే నీళ్ళలాగే ఉంటుంది.

మీకు అస్సాం టీ సరిపోతుంది. అయిదు నిమిషాలు ఆగి ఒంపండి, వేడి పాలు కావాలని విడిగా అడగండి; అడగకపోతే చల్లటి పాలే తెస్తారు, కప్పు వెంటనే చల్లారిపోతుంది. డార్జీలింగ్ తొలి కోత లేత పసుపు రంగులో ఉంటుంది, మూడు నిమిషాలు చాలు, పాలు పోస్తే దాని సువాసన పోతుంది. మే, జూన్ కోతది ఇంకాస్త నిండుగా, ద్రాక్ష వాసనతో ఉంటుంది. మనవాళ్ళకు ఎక్కువగా నచ్చేది ఇదే. లాప్సాంగ్ సూచాంగ్ పైన్ కట్టెల పొగ పెట్టిన టీ. పేరు బాగుందని తెప్పించుకుని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

ఎర్ల్ గ్రేలో బెర్గమాట్ నిమ్మ పరిమళం ఉంటుంది. నిమ్మచెక్క వేసుకుంటే పాలు పోయకండి, విరిగిపోతాయి.

రెండో కప్పు వగరెక్కడం మరో ఫిర్యాదు. కుండలో ఆకు అలాగే నాని ఉండటమే కారణం. మొదటి కప్పు ఒంపగానే వేడి నీళ్ళ కుండ అడిగి కలుపుకోండి, లేదా ఆకు తీసేయమనండి. చాలాచోట్ల మధ్యలో మరో రకం టీకి మారినా అదనపు డబ్బు ఉండదు, అడిగి మార్చుకోండి. శాండ్‌విచ్‌లతో అస్సాం, మిఠాయిలతో డార్జీలింగ్ బాగుంటాయి.

ప్రశ్న: మూడంతస్తుల స్టాండు ముందు పెడితే ఎక్కడ మొదలుపెట్టాలి? మిగిలింది తెచ్చుకోవచ్చా? (కరీంనగర్ పాఠకురాలు)

శాండ్‌విచ్‌లు, తర్వాత స్కోన్, చివర మిఠాయి. స్కోన్లు ముందే స్టాండు మీద పెడితే శాండ్‌విచ్‌లు తినేలోపు చల్లారి గట్టిపడతాయి. ‘స్కోన్లు తర్వాత వేడిగా తెండి’ అని కూర్చోగానే చెప్పండి. స్కోన్‌ను కత్తితో కోయనక్కర్లేదు, నడుము దగ్గర సహజంగా చీలిక ఉంటుంది, చేత్తో విప్పితే రెండుగా వస్తుంది. ఒక్కో సగం మీద విడిగా రాసుకోవాలి, మళ్ళీ మూయకూడదు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతంలో జామ్ ముందు, దాని పక్కనున్న డెవన్‌లో క్రీమ్ ముందు రాస్తారు. లండన్‌లో మీ ఇష్టం. కార్నిష్ (కార్న్‌వాల్) క్లాటెడ్ క్రీమ్‌లో కనీసం 55 శాతం కొవ్వు ఉంటుంది, కాబట్టి ఒక్కో సగానికి ఒక చెంచా చాలు.

ఈ అలవాటు 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా మరయాతో మొదలైందంటారు. రాత్రి భోజనం ఆలస్యమయ్యే ఇళ్ళలో ఆకలికి ఆసరాగా వచ్చిన చిరుతిండి అది. ఇప్పుడు హోటళ్ళలో పెట్టేది చిరుతిండి కాదు, పూర్తి భోజనం. శాండ్‌విచ్‌లు చాలాచోట్ల మళ్ళీ వడ్డిస్తారు. ఆ రోజు మధ్యాహ్నం భోంచేయకండి. మిఠాయిలు మిగిలితే డబ్బాలో పెట్టిమ్మని అడగడం అక్కడ మామూలే.

ప్రశ్న: అంత ఖర్చు పెట్టలేం, కానీ ఆ రుచి చూడాలని ఉంది. (లండన్‌లో చదువుతున్న గుంటూరు విద్యార్థిని)

క్రీమ్ టీ అడుగమ్మా. స్కోన్లు, జామ్, క్లాటెడ్ క్రీమ్, ఒక కుండ టీ, అంతే; హోటల్ ఆఫ్టర్‌నూన్ టీ ధరలో చిన్న వంతు. సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కెఫేకు వెళ్ళు. మ్యూజియంలో ప్రవేశం ఉచితం. 1860లలో కట్టిన ఆ కెఫే గదులు ప్రపంచంలో తొలి మ్యూజియం ఫలహారశాలగా పేరుపొందాయి. గ్యాంబుల్ గదిలో పింగాణీ పలకల స్తంభాల కింద కూర్చుంటే చాలా హోటళ్ళు దాని ముందు వెలవెలబోతాయి. కౌంటర్ దగ్గర తీసుకునే పద్ధతి, బుకింగ్ అక్కర్లేదు. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా రద్దీ, 3.30 తర్వాత చోటు దొరుకుతుంది.

ప్రశ్న: లండన్ దాకా ఎందుకు, హైదరాబాదులో అంత వైభవంగా ఎక్కడ? (వరంగల్ పాఠకుడు)

ఫలక్‌నుమా. 1884లో పైగా వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా మొదలుపెట్టి కట్టిన ప్యాలెస్, తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 2010 నుంచి తాజ్ హోటల్. అక్కడ జేడ్ రూమ్‌లో ఇచ్చేదాన్ని హై టీ అంటారు. బుకింగ్ లేనిదే గేటు దగ్గరే ఆపేస్తారు. చెప్పిన ధర మీద 18 శాతం జీఎస్టీ కలుపుకోండి. ప్యాలెస్ చూపించడం అందులో ఉందా, ఏ వేళకు అన్నది బుక్ చేసేటప్పుడే రాతలో తీసుకోండి. వెళ్ళాక అడిగి నిరాశపడేవాళ్ళు చాలామంది. కొండ మీంచి ఊరిని వెలుతురులో చూడాలి కాబట్టి వేళ ముఖ్యం. డిసెంబరులో 5.45కే సూర్యాస్తమయం, జూన్‌లో 6.50 అవుతుంది. గుడ్డు లేనివి అడిగితే అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: గుడ్డు లేకుండా స్కోన్ చేస్తే బిస్కెట్‌లా గట్టిగా వస్తోంది. క్లాటెడ్ క్రీమ్ మా ఊళ్ళో దొరకదు. (భీమవరం పాఠకురాలు)

గుడ్డు లేకపోవడం కారణం కాదు. వెన్న కరగడం, పిండి ఎక్కువ కలపడం, పలచగా ఒత్తడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి. మైదా 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు, పంచదార 40 గ్రాములు, పావు టీస్పూను ఉప్పు కలపండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న 60 గ్రాములు ముక్కలు చేసి వేళ్ళ కొసలతో రవ్వలా అయ్యేదాకా రుద్దండి. మీ దగ్గర ఎండలకు వెన్న మెత్తబడితే గిన్నెతో సహా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లటి పాలు 120 మిల్లీలీటర్లు, పుల్ల పెరుగు రెండు టేబుల్ స్పూన్లు పోసి, ముద్ద కాగానే చెయ్యి ఆపేయండి. చపాతీ పిండిలా మర్దించకూడదు. రెండున్నర సెంటీమీటర్ల మందాన చేత్తో తట్టి, గుండ్రటి అచ్చుతో నిలువుగా నొక్కి తీయండి. అచ్చు తిప్పితే ఒక పక్కకు ఒరిగి పొంగుతాయి. పైన మాత్రమే పాలు పూయండి, పక్కలకు కారితే అంచు అతుక్కుని లేవదు. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 220 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 నిమిషాలు. ఎనిమిది దాకా వస్తాయి.

క్రీమ్‌కు గేదె పాల మీగడ ఉంది కదా. క్లాటెడ్ క్రీమ్ కూడా సన్నటి వేడి మీద పైకి తేలి గట్టిపడే కొవ్వే. రెండు లీటర్ల చిక్కటి పాలు వెడల్పాటి గిన్నెలో పొంగిన తర్వాత మంట బాగా తగ్గించి గంటసేపు కదపకుండా ఉంచండి, చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున గరిటెతో ఎత్తండి. వెన్న కోసం వారం రోజులు పోగుచేసిన మీగడ మాత్రం వద్దు, ఆ పులుపు జామ్‌తో కలవదు.