అమ్మ గొలుసు జోలికి వెళ్లొద్దు

ప్రశ్న: మాది బరంపురం. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని, జీతం 18 వేలు. ఢిల్లీలో మూడు నెలల ఆర్టిస్ట్ రెసిడెన్సీకి, అంటే అక్కడే ఉండి కళాపని చేసుకునే అవకాశానికి, ఎంపికయ్యాను. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లొచ్చినవాళ్ల ట్రంకు పెట్టెలు, సూరత్ మరమగ్గాల మీద పనిచేసే మన గంజాం జిల్లా వాళ్ల గొంతులు కలిపి ఇన్‌స్టలేషన్ (వస్తువులు, శబ్దాలు ఒకచోట అమర్చే కళారూపం) చేస్తాను. గది, స్టూడియో కాక నెలకు 25 వేలిస్తారు. సామాన్లకు 60 వేలు, అదీ బిల్లులు చూపాకే. స్కూల్లో జీతం లేని సెలవు. ఇంటికి నెలకు 12 వేలు పంపాలి. దాచింది 45 వేలు. అమ్మ గొలుసు తాకట్టు పెట్టి రెండు రూపాయల వడ్డీకి 80 వేలు తేనా?

జవాబు: తేవద్దమ్మా. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, నెలకు 1,600 వడ్డీకే పోతుంది. మీకు కొరత డబ్బు కాదు, అది చేతికొచ్చే వేళ. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే సామాన్ల డబ్బులో సగం ముందుగా ఇవ్వమని అడగండి. మిగతాది మీ 45 వేలలోంచి 15 వేలు తిప్పుకుంటూ, పదిహేను రోజులకోసారి బిల్లులిచ్చి రాబట్టుకోండి. మిగిలిన 30 వేలు కదపొద్దు.

నెల డబ్బులో 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా కోసే ఆదాయపన్ను) పట్టుకుంటే 22,500 వస్తుంది. ఇంటికి పంపగా 10,500తో తిండి, మెట్రో గడవాలి. ఇరుకే. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు, మీ ఏడాది ఆదాయం అంత ఉండదు. రిటర్ను వేస్తే ఆ 7,500 వెనక్కొస్తుంది.

మీ లెక్కలో లేనిది పెట్టెల తిరుగు ప్రయాణం. ప్రదర్శన అయ్యాక వాటిని బరంపురం చేర్చే లారీ కిరాయి ఎవరిది? ఆ మాట ఒప్పందంలో రాయించండి. 1942లో రంగం నుంచి కాలినడకన వచ్చిన మా తాతగారి పెట్టె మూత లోపల తెల్లరంగుతో ఊరిపేరు రాసుండేది. ఇల్లు మారినప్పుడు పెట్టేచోటు లేక పాత ఇనుముకి వేసేశాం. ఆ అక్షరాలు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

ఇంకొకటి. సూరత్‌లో 12 గంటల షిఫ్టు చేసేవాళ్లు మీతో మాట్లాడటానికి పని మానుకుంటే, ఆ పూట కూలి మీరే ఇవ్వాలి. బడ్జెట్‌లో సామాన్ల కంటే ముందు దానికో వరుస రాసి పంపండి.