వార్డులో నిలబడే ముందు

బిడ్డా,

"అమ్మా, వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డులో నిలబడతా" అని నువ్వు ఫోన్లో అన్న మాట రెండు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. నేను వెంటనే సరే అనలేదని నొచ్చుకున్నట్టున్నావు. వద్దని కాదు తల్లీ. చెప్పాల్సింది చాలా ఉంది, అందుకే రాస్తున్నా.

నా మొదటి ఓటు 1989లో వేయాల్సింది. మన హిజ్రాల సంగతి తెలుసుగా, జాబితాలో పాత మగ పేరు, ఒంటి మీద చీర. మగవాళ్ల లైన్లో నిలబడితే నవ్వారు, ఆడవాళ్ల లైన్లోకి వెళ్తే పక్కకు నెట్టారు. ఓటు వేయకుండానే ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ తర్వాత పాతికేళ్లు బూత్ వైపు చూడలేదు. 2009లో ఎన్నికల సంఘం ఓటరు జాబితాలో మగ, ఆడ కాకుండా 'ఇతరులు' అని రాయించుకునే వీలు కల్పించింది. ఆ సంగతి నా దాకా రావడానికే ఏళ్లు పట్టింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో మనల్ని మూడో జెండర్‌గా గుర్తించింది. సరిగ్గా పదిహేను రోజులకు, ఏప్రిల్ 30న తెలంగాణలో పోలింగ్. ఆ రోజు నా వేలికి పెట్టిన సిరా చుక్కను చెరిగిపోయేదాకా రోజూ చూసుకున్నాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నామినేషన్ గురించి ఆలోచించే ముందు నువ్వు చేయాల్సిన పని ఓటరు జాబితా. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'ఇతరులు' అని రాయించుకున్నవాళ్లు 43 వేల మందికి పైగా ఉన్నారు. అందులో పిల్లలూ ఉంటారు, రెండు రాష్ట్రాలూ కలిసి ఉన్న లెక్క అది. అయినా 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు తెలంగాణ జాబితాలో మూడో జెండర్ ఓటర్లు మూడు వేలు కూడా లేరు. ఆడవాళ్లుగా రాయించుకున్నవాళ్లు కొందరుంటారు, నిజమే. కానీ అసలు రాయించుకోని వాళ్లే ఎక్కువని నా అనుభవం. రాయించుకున్న వాళ్లలోనూ దేశం మొత్తం మీద 2019లో ఓటేసింది నూటికి పదిహేను మంది లోపే. 2024లో అది 27 దాటింది. పెరిగింది, సంతోషమే, కానీ సరిపోదు.

మనవాళ్లు పేరు ఇవ్వడానికి వెనకాడితే చిరాకు పడకు. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం ప్రకారం మనవాళ్ల పేర్లు, ఇళ్లు రిజిస్టర్‌లో ఎక్కించేవాళ్లు. ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారెంట్ లేకుండా పట్టుకుపోవచ్చు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో. నూరేళ్ల పైమాట. మా గురువుకు ఎవరైనా కాగితం మీద పేరు అడిగితే చేతులు వణికేవి. ఆ భయం చేలాలకూ, అంటే శిష్యులకూ వస్తుంది. ఓపిగ్గా కూర్చుని, ఈ జాబితా మనల్ని పట్టుకోవడానికి కాదని, మనం అడగడానికని చెప్పు.

కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా గానీ వివరాలు గానీ మార్చాలంటే ఫారం 8. తండ్రి పేరు దగ్గర చాలామంది ఆగిపోతారు, ఇంట్లోంచి గెంటేసినవాళ్ల పేరు ఎలా రాస్తారు పాపం. ఆ ఫారంలోనే మూడో జెండర్ వాళ్లు గురువు పేరు రాయొచ్చని ఉంది. ఇది మనవాళ్లలో సగం మందికి తెలియదు. ఈ ఒక్క మాట చెప్పు, వాళ్ల మొహాలు చూడు. మున్సిపాలిటీ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తీస్తారు కాబట్టి ఎన్నిక ప్రకటించాక పరిగెత్తితే లాభం లేదు. ఇప్పుడే బూత్ లెవల్ ఆఫీసర్‌ను కలువు.

మీ ఊళ్లో గే అబ్బాయిలు, లెస్బియన్ అమ్మాయిలు కూడా ఉన్నారు. వాళ్లకు జాబితాలో వేరే గడి ఉండదు, ఏ లెక్కలోనూ కనిపించరు. సాయం చేస్తామని వస్తే ఫారాలు నింపించు, సోషల్ మీడియా పని ఇవ్వు. కానీ వాళ్లు ఎవరో ఎక్కడా బయటపెట్టకు. ఒక ఫొటో చాలు, ఒకరి కొంప కూలడానికి.

ఇక వార్డు సంగతి. రిజర్వేషన్ ఏదో ముందు తెలుసుకో. 1999లో మధ్యప్రదేశ్‌లోని కట్నీ మేయర్‌గా మన హిజ్రా కమలా జాన్ గెలిచింది. అది మహిళలకు కేటాయించిన పదవి. నువ్వు మగవాడివి అంటూ కోర్టు ఆ ఎన్నికనే రద్దు చేసింది. జనం గెలిపించినా ఆ గెలుపు నిలవలేదు. 2021 జనవరిలో మహారాష్ట్రలో మనలాంటి అంజలికి కూడా మహిళా వార్డు అని నామినేషన్ తిరస్కరించారు. ఆమె బాంబే హైకోర్టుకు వెళ్లి, పోటీకి అనుమతి తెచ్చుకుని, ఆ గ్రామ పంచాయతీలో గెలిచింది. కోర్టు కాగితాల్లో ఆమె పేరు పక్కన గురువు పేరే ఉంటుంది. ఆ తీర్పు మన రాష్ట్రంలో కట్టుబడి తీరాల్సింది కాకపోయినా చూపించుకోవచ్చు. మీ వార్డు మహిళలకు వస్తే ఆ కాపీ, ఒక లాయరు ముందే సిద్ధంగా ఉండాలి. ఆధార్‌లో ఒకటి, ఓటరు జాబితాలో ఇంకొకటి ఉంటే నామినేషన్ల పరిశీలన రోజు దొరికిపోతావు. ఇప్పుడే సరిచేయించు.

అఫిడవిట్‌లో కేసులు దాచకు. బజారు అడగడానికి, అంటే దుకాణాల్లో డబ్బులడగడానికి వెళ్లినప్పుడు నీ మీద పెట్టిన పెట్టీ కేసు నాకు తెలుసు. సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదు, దాస్తేనే తప్పు. లాయరుకు మొత్తం చెప్పు, ఏది ఎక్కడ రాయాలో ఆయన చూసుకుంటాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెప్తున్నా. మన ఓట్లతో నువ్వు గెలవవు. మీ వార్డులో మనవాళ్లు పదిమంది ఉంటారేమో. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్‌లో మధుబాయి మనలాంటిదే, రైళ్లలో పాడి, ఆడి బతికిన మనిషి. 2015లో ఏ పార్టీ లేకుండా నిలబడి, బీజేపీ అభ్యర్థిని నాలుగున్నర వేలకు పైగా ఓట్లతో ఓడించి మేయరైంది. ఆ ఓట్లు వేసింది ఆ ఊరి ఆడవాళ్లు, మగవాళ్లు. నువ్వు కూడా ప్రతి ఇంటికీ వెళ్లు. నల్లా ఎన్ని గంటలకు వస్తోంది, మోరీ ఎన్నాళ్లుగా తీయలేదు, వీధి లైటు ఎక్కడ లేదు, నోట్‌బుక్‌లో రాసుకో. శుభకార్యాలకు నువ్వు దీవెనలిచ్చిన ఇళ్లు అవి, నీ గొంతు వాళ్లకు తెలుసు. మన బాధలు చెప్పొద్దని అనను. వాళ్ల బాధ విన్నాక చెప్పు, అప్పుడు వింటారు.

పార్టీలు పిలిస్తే వెళ్లి మాట్లాడు. ఫొటో కోసం పిలిచారా, టికెట్ కోసమా అన్నది మొదటి రోజే అడుగు. మన రాష్ట్రంలో 2018లో గోషామహల్ నుంచి చంద్రముఖి, 2023లో వరంగల్ తూర్పు నుంచి పుష్పిత లయ పార్టీ టికెట్ మీదే నిలబడ్డారు. గెలవలేదు, కానీ నామినేషన్ వేసే దారి చూపించారు. చంద్రముఖి ప్రచారం మధ్యలో కనిపించకుండా పోయినప్పుడు, విషయం హైకోర్టు దాకా వెళ్లినప్పుడు, ఆమె తిరిగొచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. అందుకే చెప్తున్నా, ప్రచారానికి ఒంటరిగా వెళ్లకు. చీకటి పడ్డాక అసలే వద్దు. ఎక్కడున్నావో గంటకోసారి ఇద్దరికి మెసేజ్ పెట్టు.

డబ్బు గురించి టెన్షన్ పడకు. డిపాజిట్ నేను కడతాను. వచ్చే ఆదివారం రా. నీ ఆధార్, ఓటరు కార్డు, ఆ కేసు కాగితాలు తీసుకురా. వచ్చేటప్పటికి మీ ఊళ్లో కనీసం ఐదుగురి చేత ఫారం 6 పెట్టించి ఉండాలి.

మీ అమ్మ