పావురం తోక అతుకులో సందులు ఎందుకు మిగులుతాయి?

ప్రశ్న: టేకు పలకలతో ఒక సొరుగు స్వయంగా చేశాను. మూలల్లో డవ్‌టెయిల్ (పావురం తోక) అతుకులు కోసి బిగించగా కొన్నిచోట్ల పోస్టుకార్డు దూరేంత సందు మిగిలింది. ఒక మూలన సుత్తితో కొడుతుండగా పలక అంచు చీలిపోయింది. కొలతలు రెండుసార్లు సరిచూసుకున్నాను. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీరు రెండు పలకలకూ విడివిడిగా కొలతలు పెట్టి గీసి ఉంటారు. ఈ అతుకులో రెండో పలక మీద టేపు పెట్టనే కూడదు. ముందుగా పక్కపలకలకు తోకలు (పావురం తోకలా కొసకు వెడల్పయ్యే పళ్లు) కోసి, వాటినే ముందుపలక కొసమీద కదలకుండా ఆనించి, పదునైన చాకుమొనతో అంచుల వెంబడి గీయాలి. తోక కోతలో రంపం వెంట్రుకవాసి పక్కకు పోయినా ఆ తేడాయే రెండో పలకకూ సంక్రమిస్తుంది కనుక రెండూ ఒదుగుతాయి. తోకల వాలు టేకుకు 1:8 (ఎనిమిది పాళ్ల పొడవుకు ఒక పాలు పక్కకు) సరిపోతుంది. అది కాస్త మారినా నష్టం లేదు గాని, రంపం పలక మందానికి అడ్డంగా మూలమట్టానికి నిలవకపోతే మాత్రం దిద్దుకోవడం కష్టం.

రెండో పలకను కోసేటప్పుడు రంపం తీసేయవలసిన చెక్క వైపునే నడవాలి, చాకుగీత పలకమీద మిగలాలి. సందులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

ఇక ఉలి పని. మొదటి దెబ్బ సరిగ్గా అడుగుగీత (పళ్ల మొదలును చూపే గీత) మీద వేయవద్దు. ఉలికి ఒకవైపు ఏటవాలు ఉంటుంది కాబట్టి, దెబ్బ పడగానే అది వెనక్కి జరిగి గీతను దాటేస్తుంది. గీతకు ఒక మిల్లీమీటరు ఇవతల, తీసేయవలసిన చెక్క వైపున కొట్టి, చాలావరకు చెక్క తీశాక, చివరి పొరను గీతలో ఉలి ఆనించి తీయాలి. రెండు ముఖాల నుంచీ మధ్యకు చేరుకోవాలి. మధ్యలో చిన్న గుబ్బ మిగిలినా అతుకు పూర్తిగా దిగదు.

అంచు చీలడానికి కారణం బలవంతంగా దించడమే. బిగువుగా ఉన్న తోక మేకులా పనిచేసి, అంచున ఉన్న సన్నని పిన్నును (తోకల సందుల్లో ఒదిగే రెండో పలక పంటిని) నారవెంట చీలుస్తుంది. లోపలి గోడలకు మెత్తని పెన్సిలు రుద్ది, అతుకును సగం వరకే దించి, విప్పి చూడండి. మెరుస్తున్న మచ్చలున్న చోట మాత్రమే ఉలితో సన్నగా చెక్కండి.

మీ సొరుగును పారేయవద్దు. అదే టేకు నుంచి సన్నని పొర తీసి, నార దిశ కలిసేలా జిగురుతో సందులో దూర్చండి. ఆరాక చిత్రిక పట్టండి.