శాఖాధిపతి సరేనన్నాక కూడా కొత్త కోర్సు ఎందుకు ఆగింది?

చరిత్ర శాఖ, భాషాశాస్త్ర శాఖ కలిసి బోధించే కోర్సుకు మీ శాఖాధిపతి ఒప్పుకున్నా ఫైలు కదలడం లేదని, డీన్‌ను కలవాలా అని అడిగారు. టెన్షన్ పడకండి. రెండు శాఖల ప్రతిపాదనలకు ఇది మామూలే.

శాఖాధిపతి అధికారం ఆ శాఖ వరకే. డీన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీకి, అంటే ఇలాంటి శాఖలన్నీ కలిసిన విభాగం మొత్తానికి పెద్ద, బడ్జెట్ విషయంలో ఆయన మాటకు బరువుంటుంది. కానీ సిలబస్‌ను సాధారణంగా డీన్ ఒక్కరే సంతకం పెట్టి తేల్చేయలేరు. శాఖ సమావేశం, పాఠ్యప్రణాళిక కమిటీ, ఫ్యాకల్టీ బోర్డు దాటి, విశ్వవిద్యాలయం మొత్తానికి చదువుల విషయాలు తేల్చే సెనేట్‌కో అకడమిక్ కౌన్సిల్‌కో వెళ్లాలి. పేర్లు మారినా వరస దాదాపు ఇంతే. ఆలస్యం విసుగే గానీ, ఏం బోధించాలన్నది ఒక్కరి ఇష్టానికి వదలకపోవడం చాలా అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు రెండో శాఖ నుంచి రాతపూర్వకంగా అంగీకారం తెచ్చుకోండి. ఎవరు ఎన్ని గంటలు చెబుతారు, మార్కులు ఎవరు నమోదు చేస్తారు, విద్యార్థులు ఏ శాఖ లెక్కలోకి వస్తారు అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. విద్యార్థుల సంఖ్యను బట్టి నిధులు పంచేచోట ఈ చివరిదే అసలు పేచీ. నోటిమాటగా సరేనన్నవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి వెనక్కి తగ్గుతారు.

ఆ తర్వాత డీన్ దగ్గరికి కాదు, ఫ్యాకల్టీ ఆఫీసులో కమిటీ పనులు చూసే కార్యదర్శి దగ్గరికి వెళ్లండి. అజెండాలో చేర్చడానికి ఆఖరి తేదీ ఎప్పుడో కనుక్కోండి. అది దాటితే తర్వాతి సమావేశం దాకా ఆగాల్సిందే. బోర్డులో విద్యార్థి ప్రతినిధి ఉంటే వారికీ ఒక కాపీ ఇవ్వండి.