పేర్లు సరిచూసుకున్నాకే టికెట్ల మాట

ప్రశ్న: మాది రాయగడ. సంక్రాంతి వెళ్ళాక థాయ్‌లాండ్, మలేషియా, సింగపూర్ మూడూ కలిపి 12 రోజులు తిరిగొద్దామని అనుకుంటున్నాం. నేను, మావారు, 64 ఏళ్ళ అత్తగారు, పదేళ్ళ బాబు. ఏజెంటేమో ఆఫర్ పోతుంది, టికెట్లు ఇప్పుడే తీసేయండి అంటున్నాడు. మావారికి తప్ప ఎవరికీ పాస్‌పోర్టు లేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, టికెట్లు ఇప్పుడు తీయకండి, ఆఫర్లు మళ్ళీ వస్తాయి. ముందు మీ నలుగురి ఆధార్, పాన్, టెన్త్ సర్టిఫికెట్లు, బాబు బర్త్ సర్టిఫికెట్ అన్నీ మంచం మీద పరిచి ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో అక్షరం పోల్చి చూడండి. ఇది అందరికీ చెప్పే మాటే కానీ ఒడిశాలో ఉన్న మన తెలుగోళ్ళకి మాత్రం అసలు చిక్కంతా ఇక్కడే. ఒడియా స్కూళ్ళలో మన 'వ'ని 'బ' అనో 'భ' అనో రాసేస్తారు కదా, వాణి కాస్తా బాణి అవుతుంది, వెంకట కాస్తా భెంకట అవుతుంది, తర్వాత ఎవరో దాన్నే ఇంగ్లీషులోకి దింపుతారు. ఇంకోపక్క ఆంధ్రాలో చదివినవాళ్ళకి ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఇక్కడి కాగితాల్లో అదే పూర్తిగా చివరికెళ్తుంది, ఒకే మనిషికి మూడు పేర్లు.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మావారి టికెట్ పాన్ కార్డు చూసి తీశాం, పాస్‌పోర్టులో పేరు స్కూలు సర్టిఫికెట్ ప్రకారం 'భ'తో ఉంది, అది బయల్దేరే వారం ముందు చూశాం. ఎయిర్‌లైన్ వాళ్ళు అంత తేడా అయితే కుదరదన్నారు, ఆ టికెట్ డబ్బులు పోయి కొత్తది తీసుకున్నాం. ఆ వారం రోజులు ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఆధార్‌లో పేరు జీవితం మొత్తంలో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి ఏ స్పెల్లింగు ఉంచుకోవాలో ఇంట్లో కూర్చుని ఒకసారి తేల్చుకుని అప్పుడు మార్చండి. పాస్‌పోర్టు ఫారంలో ఇనీషియల్ పెట్టకుండా ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలో రాయండి, ఆ గడి ఖాళీగా వదలొద్దు. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వమని దుబాయ్ ఉన్న యూఏఈ 2022 నవంబర్‌లో రూలు పెట్టింది, రేపు మీరు అటు వెళ్ళాలనుకున్నా అడ్డం రాకూడదు కదా. పెళ్ళయింది కాబట్టి మీ పుట్టింటి ఇంటిపేరు మార్చుకోవాలనేమీ లేదు, కాగితాలన్నిట్లో అదే ఉంటే అదే ఉంచేయండి.

2018 నుంచి దేశంలో ఏ పాస్‌పోర్టు ఆఫీసులోనైనా అప్లై చేయొచ్చు, మీకు విశాఖ వీలైతే అక్కడే ఇవ్వండి, భువనేశ్వరే వెళ్ళక్కర్లేదు. కానీ అడ్రస్ మాత్రం మీరు నిజంగా ఉంటున్న రాయగడదే రాయండి. విజయనగరంలో బంధువుల ఇల్లేదో ఉందని ఆ అడ్రస్ ఇస్తే పోలీసు వెరిఫికేషన్ అక్కడికెళ్తుంది, మీరు అక్కడ ఉండరు, ఫైలు ఆగిపోతుంది. పెద్దవాళ్ళకి 36 పేజీల బుక్కుకి 1500 రూపాయలు, బాబుకి 1000, పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్ళే చెల్లుతుంది. అత్తగారు టెన్త్ చదవలేదని కంగారుపడకండి, టెన్త్ లేనివాళ్ళు కొన్ని దేశాలకి పనికెళ్ళాలంటే ముందు పర్మిషన్ తీసుకోవాలని పాస్‌పోర్టులో వేసే ఆ ఈసీఆర్ ముద్ర బాధ 50 దాటినవాళ్ళకి లేదు. ఎలాగూ ఉంది కదా అని మీవారి పాస్‌పోర్టుని వదిలేయకండి, ప్రయాణం నాటికి ఇంకా 6 నెలలు చెల్లుబాటు ఉందో లేదో చూడండి.

ఇక వీసాలు. థాయ్‌లాండ్ 2024 జులైలో మనకి వీసా లేకుండా 60 రోజులు ఇచ్చింది, కానీ వాళ్ళు ఈ రూలు మారుస్తుంటారు, టికెట్ కొనే రోజున ఎంబసీ సైట్ చూసుకోండి. మలేషియా 2023 డిసెంబర్ నుంచి 30 రోజులు వీసా లేకుండా రానిస్తోంది, ఆ సడలింపు గడువు 2026 డిసెంబర్ 31, మీరు సంక్రాంతి దాటాక అంటున్నారు కాబట్టి అది పొడిగించారా లేదా అన్నది మీరు తప్పకుండా చూడాల్సిన మొదటి విషయం. సింగపూర్‌కి మాత్రం వీసా కావాలి, ఫీజు 30 సింగపూర్ డాలర్లు, రాకపోతే తిరిగివ్వరు, చేరడానికి 30 రోజుల లోపల అప్లై చేయాలి. వీటితోపాటు మూడు దేశాలకీ ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, చేరే రోజుకి ముందు 3 రోజుల్లోపు. మూడూ ఫ్రీ. గూగుల్‌లో పైన కనబడే సైట్లు డబ్బులడుగుతాయి, అవి గవర్నమెంటువి కావు, ఒక్క రూపాయి కట్టకండి.

రూటు నేనైతే ముందు బ్యాంకాక్, తర్వాత కౌలాలంపూర్, చివర సింగపూర్ పెట్టుకుని అక్కణ్ణుంచి విశాఖ డైరెక్ట్ ఫ్లైట్‌కి వచ్చేస్తాను, వెళ్ళిన ఊరికే మళ్ళీ వెనక్కి రావడం ఉండదు. కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కి బస్సు చవక, 5, 6 గంటలు, కాకపోతే బోర్డర్లో రెండుసార్లు దిగి లైన్లో నిలబడాలి, లగేజీ కూడా మోసుకోవాల్సి వస్తుంది, అత్తగారి మోకాళ్ళు బాగుంటేనే. రాయగడ నుంచి రైలుకొచ్చి అదే రోజు ఫ్లైట్ ఎక్కుదామనుకోకండి, ముందు రోజే విశాఖ చేరి పడుకోండి. ఏజెంటు ప్యాకేజీ మీద టీసీఎస్ అని, అంటే ముందుగానే తీసుకునే ఇన్‌కమ్ టాక్స్, కొంత వసూలు చేస్తాడు, అది మీ పాన్ మీద పడిందో లేదో అడగండి, రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకొస్తుంది.

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో రిటైర్డ్ టీచర్ని. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ చూసి మధ్యలో లండన్‌లో తమ్ముడి కొడుకు దగ్గర నాలుగు రోజులుందామని. ఒక్క వీసా సరిపోతుందా?

జవాబు: సరిపోదు మాస్టారూ. మొదటి మూడూ షెంగెన్ అనే యూరప్ దేశాల గుంపులో ఉన్నాయి, 29 దేశాలకి ఆ ఒక్క వీసా చాలు, లండన్‌కి బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి. ఇక మీరన్న ఆ 'మధ్యలో' దగ్గరే ఆగండి. పారిస్ నుంచి లండన్ వెళ్ళి మళ్ళీ ఇటలీ వస్తే అది షెంగెన్‌లోకి రెండోసారి అడుగుపెట్టడం అవుతుంది, సింగిల్ ఎంట్రీ వీసా ఇచ్చుంటే లండన్‌లోనే ఆగిపోతారు. లండన్‌ని మొదట్లోనో చివర్లోనో పెట్టేయండి, మీ తమ్ముడి కొడుకు కూడా ఏమీ అనుకోడు.

షెంగెన్ అప్లికేషను ఎక్కువ రోజులుండే దేశానికి ఇవ్వాలి, రోజులు సమానమైతే ముందు దిగే దేశానికి. ఫీజు 90 యూరోలు. 6 నెలల ముందు నుంచీ ఇవ్వొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి, కానీ వేసవికైతే మూడు నెలల ముందే ఇవ్వండి, అపాయింట్‌మెంట్లే దొరకవు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పెన్షన్ పాస్‌బుక్కు స్టేట్‌మెంట్ దాచకుండా పెట్టండి, ప్రతి నెలా పడే పెన్షన్ మీకు మంచి ఆధారం. అప్లికేషను ముందు రోజు ఎవరో వేసిన పెద్ద మొత్తం కంటే అదే నమ్మకంగా ఉంటుంది. 2025 అక్టోబర్ నుంచి యూరప్ బోర్డర్లలో స్టాంపు బదులు ఫోటో, వేలిముద్రలు తీసుకునే పద్ధతి మొదలైంది, దిగిన రోజున వెంటనే రైలు పెట్టుకోకుండా టైము వదలండి.

ప్రశ్న: మా అమ్మ బరంపురం అప్పడాలు, ఆవకాయ, మసాలా పొడి సర్దుతోంది. సింగపూర్‌కి తీసుకెళ్ళనిస్తారా?

జవాబు: అప్పడాలు హాయిగా పట్టుకెళ్ళు. ఆవకాయ చెక్‌ఇన్ బ్యాగులో పెట్టు, నూనె కారకుండా రెండు కవర్లు వేసి. కానీ బాబూ, ఆ మసాలా పొడిలో గసగసాలున్నాయేమో అమ్మని ఇప్పుడే అడుగు. సింగపూర్‌లో గసగసాలు నిషేధం, యూఏఈలోనూ అంతే, మనకవి కూరలో వేసే దినుసు, వాళ్ళ చట్టంలో మత్తుమందుకి చుట్టం. ఎండు కొబ్బరి చిప్పలు కూడా వద్దు, నిప్పంటుకునే సరుకని విమానంలో ఒప్పుకోరు. దగ్గు సిరప్పులో కోడీన్ ఉంటే, లేదా నిద్రమాత్రలుంటే, అక్కడి పర్మిషన్ కావాలేమో ముందే చూసుకో, మిగతా మందులు స్ట్రిప్పుల్లోనే ఉంచి డాక్టర్ చీటీ జత చెయ్యి. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే. పొడి మాత్రం గసగసాలు లేకుండా అమ్మ చేత మళ్ళీ కొట్టించు, ఒక పూట పనే.