ఫంక్షన్ హడావిడిలో పిల్లతో మాట్లాడటం మర్చిపోకు

చి. సౌ. లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

మనవరాలికి అక్కడి మెక్సికో పద్ధతిలో కిన్సెఆన్యోస్, అదే ఆడపిల్ల పదిహేనో పుట్టినరోజు ఫంక్షన్ చేస్తున్నారని విని సంతోషించాను. గౌను, చర్చిలో పూజ, వాల్ట్జ్ డాన్సు ప్రాక్టీసు... ఇక కొన్నాళ్లు మీ ఇంట్లో అదే గోల. పదిహేనేళ్లు నిండాయని అందరి ముందూ తండ్రి పిల్లకి హైహీల్స్ తొడుగుతాడు, చుట్టాలు చప్పట్లు కొడతారు. పెద్దదైతే తెలియాల్సినవి మాత్రం ఎవరూ చెప్పరు. మన సమర్త వేడుకలూ అంతేగా!

అక్కడి గ్వాదలహారా ఊళ్లో మా వీధి తల్లులు, కూతురు గడప దాటుతుంటే "తే క్వీదాస్" అనేవాళ్లు, జాగ్రత్త అని. గర్భం, జబ్బులు, పరువు అన్నీ అందులోనే. పిల్ల "సీ, మా" (సరేనమ్మా) అనేసి పోయేది. నువ్వు అక్కడ ఆగకు. కండోమ్‌ని కండోమ్ అనే చెప్పు.

ఎదురుగా కూర్చోబెట్టి క్లాసు పీకకు. తమాలెస్ (ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం) చేసే రోజు నానబెట్టిన మొక్కజొన్న ఆకుల మీద ఇద్దరూ పిండి పూస్తూ ఉంటారు చూడు, అప్పుడు ఎత్తు. చూపులు చేతుల మీదుంటాయి కాబట్టి సిగ్గు తగ్గుతుంది. అది ఏదైనా అడిగితే "ఎందుకు? ఎవడు వాడు?" అన్నావో, ఇక జన్మలో అడగదు. ముందు జవాబు చెప్పు.

బడిలో చెప్తారులే అనుకోకు. అక్కడి ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో 1970ల నుంచే లైంగిక విద్య పాఠం ఉంది. కానీ బాయ్‌ఫ్రెండ్ బతిమాలుతుంటే వద్దని ఎలా చెప్పాలో పుస్తకంలో దొరకదు.

చెబితే దారి చూపించినట్టేనని మీ అత్తగారు అంటారు. వాదించకు. పదిహేనేళ్లలోపు పిల్లలకు 2030 నాటికి కాన్పులే ఉండకూడదని 2015లో ఆ దేశం జాతీయ ప్రణాళికే పెట్టుకుందంటే సమస్య ఎంత పెద్దదో చూడు. ఆవిడకి మొదటిసారి ముట్టు వచ్చినప్పుడు ఎవరు చెప్పారో మనవరాలి ముందే అడుగు. ఆ తరంలో చాలామంది భయపడి దాచుకున్నవాళ్లే. ఆ కథ బయటికొస్తే నీ పని సగం అయినట్టే.

చిన్నోడిని వాళ్ల నాన్నకి వదిలేయకు. అక్కడి మగాళ్ల మధ్య డబుల్ మీనింగ్ జోకులకు లోటు లేదు, అసలు సంగతి మాత్రం రాదు. అమ్మాయి వద్దంటే వద్దనే అర్థమని వాడికి నువ్వే చెప్పాలి.

ఇంకోటి. చాలా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో టీనేజ్ పిల్లలకని విడిగా కౌన్సెలింగ్ ఉంటుంది, గర్భనిరోధకాలు ఉచితం. ఒకసారి నువ్వే తీసుకెళ్లు. లోపలికి దాన్నొక్కదాన్నే పంపు. బయటికొచ్చాక ఏం మాట్లాడావని ఆరా తీయకు.

మీ పెద్దమ్మ